ఇంట్లోనే పాట, మన దరువుతోనే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కంప్యూటర్‌లో లూపులు (మళ్లీ మళ్లీ తిరిగేలా కోసిన చిన్న శబ్దం ముక్కలు) పేర్చి ఇంట్లోనే పాట కట్టుకోవడం గురించి ఈసారి ఓరుగల్లు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ప్రశ్నలకు జవాబులివి. ఎక్కువ మందిని ఇబ్బంది పెడుతున్నది సాఫ్ట్‌వేర్ కాదు. దించుకున్న బీట్ మన పాటకు కుదరకపోవడం. అందుకే ఆ జవాబు కాస్త పొడుగ్గా ఇస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర ఐ3 ల్యాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. పైసలు పెట్టకుండా పాట చేసుకునే సాఫ్ట్‌వేర్ ఏది? ఎఫ్ఎల్ స్టూడియో క్రాక్ దొరుకుతుందని దోస్తులు అంటున్నారు, వేసుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

ఇంట్లో చేసే పాటకు ఆ ల్యాప్‌టాప్ సరిపోతుంది. అందులో ఎస్ఎస్‌డీ ఉందో, పాత హార్డ్‌డిస్కే ఉందో చూసుకోండి. లూపులన్నీ డిస్కు మీద నుంచే చదవాలి కాబట్టి, మార్చాల్సి వస్తే ముందు మార్చాల్సింది దాన్నే.

గొంతు కూడా రికార్డు చేయాలంటే మా సలహా రీపర్. ప్రోగ్రాం చిన్నది, పాత కంప్యూటర్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడొచ్చు, తర్వాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పూర్తిగా ఉచితంగా కావాలంటే వేవ్‌ఫామ్ ఫ్రీ ఉంది. ఎల్ఎంఎంఎస్ కూడా ఉచితమే, బీట్లు పేర్చడానికి బాగుంటుంది. కానీ దాని స్థిరమైన వెర్షన్లలో మైక్ నుంచి నేరుగా రికార్డు చేసే ఏర్పాటు లేదు. గొంతును ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రాంలో తీసి, ఆ ఫైలును ఇందులోకి తెచ్చుకోవాలి. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు బ్యాండ్‌ల్యాబ్ యాప్‌తో మొదలుపెట్టండి.

ఎఫ్ఎల్ స్టూడియో మీదే మనసుంటే కంపెనీ ఇచ్చే ట్రయల్ వేసుకోండి. అన్ని పనులూ చేయనిస్తుంది, పాటను ఫైలుగా తీయనిస్తుంది. సేవ్ చేసిన ప్రాజెక్టును మాత్రం కొనే దాకా మళ్లీ తెరవనివ్వదు. ఒక్క కూర్చోవడంలో ముగించే చిన్న బీట్లు నేర్చుకోవడానికి అది చాలు. క్రాక్ (పైసలు కట్టకుండా నడిచేలా తాళం విరిచిన దొంగ కాపీ) జోలికి వెళ్లొద్దు. పాస్‌వర్డులు కాజేసే ప్రోగ్రాములు ఎక్కువగా అలాంటి ఫైళ్లలోనే దూరి వస్తాయి. బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్‌లో ఒక బీట్ కోసం అంత ప్రమాదం అక్కర్లేదు.

ప్రశ్న: మా వాడ ఆడోళ్లం కలిసి బతుకమ్మ పాట పాడి ఫోన్‌ల రికార్డు చేసుకున్నం. నెట్‌ల దొరికిన డోలు లూప్ కింద పెడితే రెండు చరణాలు పోంగనే బీట్ ఒక దిక్కు, పాట ఒక దిక్కు అయితున్నయి. ఎంత జరిపినా కుదురుతలేదు. ఏం చెయ్యాలె?
– గృహిణి, పరకాల

జరిపితే కుదరదమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇందులో రెండు చిక్కులు కలిసి ఉండొచ్చు. ఒకటి వేగం, రెండోది నడక. రెంటినీ విడివిడిగా సరిచేయాలి.

ముందు వేగం. పాట నిమిషానికి 80 చప్పట్ల మీద నడుస్తోంది, లూప్ 82 మీద ఉంది అనుకోండి. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ 30 సెకన్లలో పాటలో 40 చప్పట్లు పడితే లూపులో 41 పడతాయి. అంటే అర నిమిషానికే ఒక చప్పట్టంత తేడా. మీరు చెప్పిన "రెండు చరణాలు పోంగనే" అనేది సరిగ్గా ఇదే.

పాట వేగం కొలవడానికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. పాట వింటూ చప్పట్లు కొట్టండి. మొదటి చప్పట్టుకు వాచ్ మొదలుపెట్టి ఆ చప్పట్టును "సున్నా" అని లెక్కించండి. "16" దగ్గర ఆపండి. 16ను 60తో గుణించి, వచ్చిన సెకన్లతో భాగిస్తే బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని చప్పట్లో వస్తుంది. 12 సెకన్లు పడితే 80. చాలామంది మొదటి చప్పట్టునే "ఒకటి" అని లెక్కపెడతారు. అప్పుడు మధ్యలో ఉండేవి 15 ఎడాలే. అదే పాట 80కి బదులు 85 అని తేలుతుంది, ఇక లూప్ ఎప్పటికీ కుదరదు.

గుంపుగా పాడేటప్పుడు వేగం మెల్లమెల్లగా పెరుగుతుంది. అది తప్పేమీ కాదు, ఆటతో పాటు వచ్చే ఊపు. అందుకే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవండి. రెండు లెక్కలూ వేరుగా వస్తే ఒకే వేగంతో ఉన్న లూప్ ఏదీ ఆ రికార్డింగ్‌కు పనికిరాదు. దీనికి దారులు రెండు. మళ్లీ పాడగలిగితే, పాట ఎత్తుకునే ఆమె ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో క్లిక్ (సాఫ్ట్‌వేర్ ఒకే వేగంతో వేసే టిక్ టిక్ శబ్దం) వింటూ ముందు ఒక్కతే పాడాలి. తర్వాత ఆ గొంతును వింటూ మిగతావాళ్లు కోరస్ పాడాలి. చప్పట్లు చివరగా విడిగా తీయాలి. మళ్లీ పాడడం కుదరకపోతే, పాత రికార్డింగ్‌లోనే ప్రతి చరణం మొదటి చప్పట్టు దగ్గర టెంపో మార్కర్ (అక్కడి వేగాన్ని చెప్పే గుర్తు) పెట్టుకుంటూ వెళ్లండి. రీపర్‌లో అయితే ఆ పని మొదలుపెట్టే ముందే గొంతు ట్రాకులో టైమ్‌బేస్ అనే సెట్టింగును "టైమ్"కు, లూప్ ట్రాకుది "బీట్స్"కు మార్చాలి. ఇది మరచిపోతే మార్కర్ పెట్టినప్పుడల్లా లూపుతో పాటు గొంతు కూడా సాగిపోతుంది.

ఇక నడక. బతుకమ్మ పాటల్లో చాలావాటిది తిశ్ర నడక. పాట పాడుకుంటూ తొడ మీద తాళం వేయండి. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య "త-కి-ట" ఇమిడితే తిశ్రం, "త-క-ధి-మి" ఇమిడితే చతురశ్రం. నెట్‌లో ఊరికే దొరికే డ్రమ్ లూపుల్లో అత్యధికం 4/4లో, చతురశ్రంలో కట్టినవి. మూడుగా విరిగే పాట కింద నాలుగుగా విరిగే బీట్ పెడితే, వేగం అచ్చంగా సరిపోయినా చప్పట్టు చప్పట్టుకూ మధ్యలో దెబ్బలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. "ఉయ్యాలో" అని సాగాల్సిన చోట పాట కుంటుతుంది.

అందుకే లూప్ వెతికేటప్పుడు 6/8 లేదా 12/8 అని రాసి ఉన్నవే తీసుకోండి. వాటి మీద ఉండే బీపీఎం అంకెతో జాగ్రత్త. అది చాలాసార్లు పాశ్చాత్య లెక్కలో (రెండు చిన్న దెబ్బలకు ఒక బీట్) ఉంటుంది, మన చప్పట్టు లెక్కలో (మూడు చిన్న దెబ్బలకు ఒక చప్పట్టు) కాదు. 6/8 లూప్ మీద ఆ లెక్కలో 120 అని ఉంటే దాన్ని మూడింట రెండు వంతులు చేయండి, మీ చప్పట్టు లెక్కలో 80 వస్తుంది. ప్రాజెక్టును 6/8కి మారిస్తే ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకంగా లెక్కిస్తుంది. తికమక లేకుండా ఉండాలంటే 4/4లోనే ఉంచి, టెంపో 80 పెట్టి, గ్రిడ్‌ను (తెర మీద కాలాన్ని విడగొట్టే గడులను) ట్రిప్లెట్‌కు, అంటే మూడుగా విరిగేలా మార్చుకోండి. అప్పుడు ఒక్కో బార్‌లో నాలుగు చప్పట్లు, ఒక్కోదాంట్లో మూడు గడులు, మొత్తం 12 గడులు కనిపిస్తాయి. డోలు దెబ్బలను విడివిడిగా ఆ గడుల్లో పేర్చుకుంటే దించుకున్న లూప్‌తో పనే ఉండదు.

వేగం మార్చేటప్పుడు డ్రమ్ లూప్‌ను అటూఇటూ నూటికి పది వంతులకు మించి సాగదీయొద్దు. దాటితే దెబ్బ అంచు మొద్దుబారి, తోలు శబ్దానికి నీళ్ల శబ్దం తోడవుతుంది.

ప్రశ్న: ఐనవోలు జాతరలో ఫోన్‌లో తీసిన ఒగ్గు డోలు, డప్పు శబ్దాలు నా దగ్గర ఉన్నాయి. వాటినే కోసి లూప్ చేసుకోవచ్చా? లేక కళాకారులను ఇంటికి పిలిచి తీయాలా? తీస్తే ఎలా తీయాలి?
– ఐటీఐ విద్యార్థి, వర్ధన్నపేట

జాతర రికార్డింగ్‌ను దరువు నేర్చుకోవడానికి ఉంచుకోండి. లూపుకు పనికిరాదు. మైకుల గోల, జనం కేకలు, పక్క బృందం డోళ్లు అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఆ శబ్దం ఒకసారి వింటే సందడి, పదహారు సార్లు తిరిగితే అదే కేక పదహారు సార్లు వినబడుతుంది. విడిగా తీయించుకోవడమే మంచిది. మన డప్పుతో, మన డోలుతో చేసిన మంచి లూపులు నెట్‌లో చాలా అరుదు. ఈ పని శ్రద్ధగా చేస్తే మీ పాటకు ఒక్కదానికే కాదు, తర్వాత చేసే ఎన్నో పాటలకు పనికొస్తుంది.

చోటు: నాలుగు గోడల ఖాళీ గదిలో వద్దు. డప్పు చప్పుడు సున్నం గోడలకు కొట్టుకుని గణగణమంటుంది, ఆ మోతను తర్వాత తీసేయలేం. గోడలకు దూరంగా పెరడులోనో, బట్టలు, బొంతలు, ధాన్యం బస్తాలు ఉన్న పెద్ద గదిలోనో తీయండి. తెల్లవారుజాము అయితే బండ్ల చప్పుడు తక్కువ.

మైకు: డప్పుకు మీటరు నుంచి మీటరున్నర దూరం, నేరుగా తోలుకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు. శబ్దం మట్టం చూపే మీటరులో గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే మీట) తగ్గించండి. ఎర్రలైటు ఒక్కసారి వెలిగినా ఆ దెబ్బ పగిలినట్టే, సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ తగ్గిస్తే బాగుపడదు. ఒగ్గు డోలుకు రెండు ముఖాలు, రెండు గొంతులు. రెండు మైకులుంటే ముఖానికొకటి, ఒక్కటే ఉంటే డోలు ఎదురుగా మధ్యలో. ఫోన్‌తోనే తీయాల్సి వస్తే రెండు మూడు మీటర్లు వెనక్కి జరగండి. ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్ చాలాసార్లు శబ్దాన్ని తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. గట్టి దెబ్బ తర్వాత వచ్చే చిన్న దెబ్బలను మింగేస్తుంది. ఆటో గెయిన్ ఆపే వీలుండి, వేవ్ ఫైలుగా దాచే యాప్ వేసుకోండి.

కాక: డప్పును మంట మీద కాచి బిగిస్తారు. కాచిన కాసేపటికి తోలు గాలిలో తేమ పీల్చుకుని సడలుతుంది, శృతి దిగుతుంది. వానాకాలంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మొదట తీసిన ముక్క, అరగంట తర్వాత తీసిన ముక్క పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు డప్పులు అనిపిస్తాయి. అందుకే ప్రతి టేక్ ముందు ఒక్క దెబ్బ విడిగా రికార్డు చేయండి. దాన్ని మొదటి టేక్ దెబ్బతో పోల్చి, దిగితే మళ్లీ కాపించండి. వాయించేవాళ్లు అడగకముందే మీరే ఆగడం మర్యాద కూడా.

వాయింపు: కళాకారుడి చెవిలో క్లిక్ పెడితే కొందరికి చేతులు కట్టేసినట్టు ఉంటుంది. అలాంటప్పుడు క్లిక్‌కు బదులు తాళం శబ్దమో, మెల్లగా ఒక పాటో వినిపించండి. ఒకే దరువును రెండు మూడు నిమిషాలు ఆపకుండా వాయించమనండి. మొదటి అర నిమిషంలో చేయి ఇంకా కుదురుకోదు, లూప్ మధ్యలోంచి తీయాలి. ఒకే దరువులో మూడు రకాలు తీసుకోండి: సాదా నడక, సిటికెన పుల్లతో (డప్పు వాయించే సన్న పుల్ల) కొంచెం నింపినది, ముక్తాయింపు. పాటంతా ఒకే ముక్క తిరిగితే చెవి విసుగెత్తేది ఈ మూడూ లేకపోవడం వల్లే.

కోత: ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. లూప్ పొడవు చెవితో కాదు, లెక్కతో కోయాలి. 80 బీపీఎంలో ఒక చప్పట్టు 0.75 సెకను, నాలుగు చప్పట్ల బార్ 3 సెకన్లు, నాలుగు బార్లు 12 సెకన్లు. 44,100 శాంపిల్ రేటులో (సెకనుకు తీసే శబ్దం నమూనాల లెక్క) ఆ లూప్ సరిగ్గా 5,29,200 శాంపిళ్లు ఉండాలి. మొదటి దెబ్బకు రెండు మూడు మిల్లీసెకన్ల ముందు కోత పెట్టండి, దెబ్బ మీదే కోస్తే సిర్ర (డప్పు కొట్టే లావు కర్ర) తగిలే "టక్" పోతుంది. వరుసగా మూడు ఆవర్తాలు (దరువు పూర్తి చుట్లు) వాయించిన చోట మధ్యది తీయండి. అంతకు ముందు ఆవర్తం చివరి దెబ్బ మోత దీని మొదట్లో ఉండడంతో, లూప్ తిరిగినప్పుడు అతుకు తెలియదు. అతుకు దగ్గర "టిక్" వినిపిస్తే తరంగం గీత సున్నాను దాటే చోట కోత లేదని అర్థం. రెండు చివర్లా 3 నుంచి 5 మిల్లీసెకన్ల ఫేడ్ (శబ్దం మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా చేయడం) ఇస్తే పోతుంది.

క్వాంటైజ్ (దెబ్బలను గ్రిడ్ గీతల మీదికి లాగే సౌకర్యం) నూటికి నూరు పెట్టొద్దు. దెబ్బలు గ్రిడ్‌కు కాస్త ముందూ వెనకా పడడంలోనే ఆ దరువు జీవం ఉంది. మరీ తేలిపోతుంటే సగం దాకా లాగండి. ఫైలును వేవ్‌లోనే దాచండి. ఎంపీ3గా మారిస్తే ఎన్‌కోడర్ ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది, అది తిరిగినప్పుడల్లా తడబాటు అవుతుంది. పేరులోనే వేగం, నడక, బార్లు రాసుకోండి: "డప్పు-80-తిశ్రం-4బార్" లాగా.

ఒక మాట గట్టిగా చెప్పాలి. వాయించినవాళ్లకు పైసలివ్వండి, లూప్‌గా ఎన్ని పాటల్లో వాడతారో ముందే చెప్పి కాగితం మీద ఒప్పుకోలు తీసుకోండి, పాట కింద పేరు వేయండి. మన కాపీరైట్ చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్లు హక్కు ఉంటుంది. ఊరి వాళ్లే కదా అని ఇది వదిలేయడం అన్యాయం.

ప్రశ్న: హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తుంది. సరిచేస్తే చిటపటమని శబ్దం వస్తోంది.
– రైల్వే ఉద్యోగి, కాజీపేట

బ్లూటూత్ హెడ్‌ఫోన్ అయితే ముందు అది పక్కన పెట్టండి. దాని ఆలస్యం చాలాసార్లు 100 మిల్లీసెకన్లు దాటుతుంది, ఏ సెట్టింగూ దాన్ని పోగొట్టదు. వైరు హెడ్‌ఫోన్ వాడండి. విండోస్‌లో మైకుకు విడిగా ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) లేకపోతే ఏషియో4ఆల్ డ్రైవర్ వేసుకుని బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసే శాంపిళ్ల లెక్క) చూడండి. 44,100 రేటులో 1024 బఫర్ అంటే ఒక వైపుకే 23 మిల్లీసెకన్లు, 256 అంటే దాదాపు 6, 128 అంటే 3. లోపలికి, బయటికి రెండుసార్లు లెక్క. చిటపట వచ్చేది బఫర్ మరీ చిన్నదై కంప్యూటర్ అందుకోలేకపోయినప్పుడు. కాబట్టి గొంతు రికార్డు చేసేటప్పుడు 128 లేదా 256 పెట్టి, రివర్బ్ లాంటి బరువైన ఎఫెక్టులన్నీ ఆపేయండి. మిక్స్ చేసేటప్పుడు మళ్లీ 1024కి తీసుకెళ్లండి. ఇంటర్‌ఫేస్ కొంటే డైరెక్ట్ మానిటర్ మీట ఉన్నది తీసుకోండి, గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే చెవికి వస్తుంది.

ప్రశ్న: ఏమీ పాడకున్నా రికార్డింగ్‌లో "గుయ్"మని ఒకటే మోత.
– కరీంనగర్

ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, బ్యాటరీ మీద ఒక నిమిషం రికార్డు చేసి చూడండి. మోత పోతే తప్పు కరెంటు వైపు ఉంది. మన సరఫరా 50 హెర్ట్జ్, అందుకే ఆ మోత 50, 100, 150 దగ్గర కూర్చుంటుంది. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టండి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఎర్త్ పిన్ను తీసేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే వినొద్దు, షాకు కొట్టే ప్రమాదం ఉంది. చార్జర్ పీకినా మోత ఉంటే అది ఎక్కువగా ఫ్యానో కూలరో. ఎండాకాలంలో కష్టమే అయినా పాడే నాలుగు నిమిషాలు ఆపండి. గొంతు ట్రాకుకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (ఆ అంకె కింది శబ్దాలను కోసేది) పెడితే కింద మిగిలిన మోత తగ్గుతుంది.

ప్రశ్న: మా భజన బృందంలో హార్మోనియం మీద పాడతాం. దించుకున్న కీబోర్డు లూపులు పెడితే అపశృతిగా ఉంటున్నాయి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల

లూప్ పేరులో ఉండే అక్షరం దాని ఆధార షడ్జం, మాస్టారూ. మన లెక్కలో 1 శృతి అంటే సి, 2 డి, 3 ఈ, 4 ఎఫ్, 5 జి, 6 ఏ, 7 బి. అర శృతులు వాటి మధ్య నల్ల మెట్లు: ఒకటిన్నర సి షార్ప్, ఐదున్నర జి షార్ప్. మీరు ఐదున్నరలో పాడుతూ లూప్ ఏలో ఉంటే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఒక సెమీటోన్ కిందికి దించండి. మూడు సెమీటోన్లు దాటితే వాయిద్యం గొంతు మారిపోతుంది, ఇంకో లూప్ వెతుక్కోవడమే మేలు.

శృతి కలిసినా అపస్వరం వినిపిస్తే గాంధారం చూడండి. మైనర్ లూపులో సాధారణ గాంధారం ఉంటుంది. మీ కీర్తనలో అంతర గాంధారం ఉంటే రెండూ పక్కపక్కనే మోగి చెవికి గుచ్చుకుంటాయి. చాలా పాటల కింద భయం లేకుండా పెట్టగలిగేది సా, పా మాత్రమే ఉన్న డ్రోన్ లూప్ (తంబూరాలా ఆగకుండా మోగేది). ఇంకొకటి, పాత హార్మోనియంలు 440 ప్రమాణానికి అటూఇటూ ఉంటాయి. ట్యూనర్ యాప్‌లో మీ పెట్టె "ఏ" స్వరం 15 సెంట్లు ఎక్కువ చూపిస్తే లూపులను కూడా 15 సెంట్లు పెంచండి. 100 సెంట్లు ఒక సెమీటోన్. రీడ్లను కదిలించొద్దు.

ప్రశ్న: "రాయల్టీ ఫ్రీ" లూపుతో చేసిన పాటకు యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడింది. నా చానల్ పోతుందా? పాత సినిమా పాటలోంచి నాలుగు సెకన్ల బీట్ తీసుకోవచ్చా?
– భూపాలపల్లి

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (హక్కుదారు వీడియోను తీయించేసినప్పుడు చానల్ మీద పడే మచ్చ) వేరు. క్లెయిమ్ పడితే సాధారణంగా ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు అవతలివారికి పోతుంది, చానల్‌కు ఏమీ కాదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితేనే చానల్ మూసేస్తారు. అదే లూప్‌ను వాడిన ఇంకెవరో తమ పాటను కంటెంట్ ఐడీలో (యూట్యూబ్ తనంతట తానే పాటలను గుర్తుపట్టే ఏర్పాటు) నమోదు చేయించుకుంటే ఇలా జరుగుతుంది. లూప్ లైసెన్సు కాపీ జతచేసి అభ్యంతరం తెలపండి. లూప్ దించుకున్న రోజే లైసెన్సు పేజీని కూడా దాచుకుంటే ఈ సమయంలో పనికొస్తుంది. మీ పాటను డిస్ట్రిబ్యూటర్ (పాటను ఆన్‌లైన్ సైట్లకు పంపే సంస్థ) ద్వారా విడుదల చేసేటప్పుడు కూడా, అందులో అందరికీ దొరికే లూపులుంటే కంటెంట్ ఐడీ గడిలో టిక్ పెట్టొద్దు. లేకపోతే అదే ఇబ్బంది మీ వల్ల ఇంకొకరికి వస్తుంది.

సినిమా పాట నుంచి నాలుగు సెకన్లయినా అనుమతి లేకుండా తీసుకోవద్దు. "ఇన్ని సెకన్ల లోపు ఫర్వాలేదు" అనే నియమం మన చట్టంలో లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికి, బాణీకి వేరే లెక్క: రాసినవారు, కట్టినవారు పోయాక ఇంకో 60 ఏళ్లు. తరతరాలుగా పాడుకుంటున్న జానపదాన్ని మీరు మళ్లీ పాడి రికార్డు చేసుకోవచ్చు. ఇంకొకరు పాడిన రికార్డింగ్‌ను తీసుకోవడం మాత్రం కుదరదు.

ప్రశ్న: హెడ్‌ఫోన్‌లో దద్దరిల్లే డోలు ఫోన్ స్పీకర్‌లో వినబడదు.
– మహబూబాబాద్

ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు, డోలు బరువంతా అక్కడే ఉంది. బేస్ పెంచితే మిక్స్ మసకబారుతుందే తప్ప ఫోన్‌లో వినబడదు. డోలు ట్రాకును నకలు చేసి, నకలు మీద సాచురేషన్ ఎఫెక్ట్ (శబ్దాన్ని కాస్త గరుకుగా చేసి పై స్వరాలు చేర్చేది) వేసి, 200 కింద అంతా కోసేసి, అసలు ట్రాకు కింద సన్నగా కలపండి. కర్ర తగిలే శబ్దం ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ పెంచండి. చివరి ఫైలు యూట్యూబ్ కోసమైతే 48,000 రేటులో వేవ్‌గా, శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకుండా, సగటు మైనస్ 14 లఫ్స్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర తీయండి. అంతకన్నా గట్టిగా చేసి పంపినా యూట్యూబ్ దాన్ని ఆ మట్టానికే దించుతుంది.